స్కీ ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే ఏ దారి మేలు?

స్కీయింగ్ నేర్పేవాళ్లకు సంఘాలు స్థాయిలవారీగా ఇచ్చే సర్టిఫికెట్టే బ్యాడ్జి. మొదటి స్థాయి బ్యాడ్జి తెచ్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. మధ్యరకం వాలు మీద అదుపు తప్పకుండా, రెండు స్కీలనూ సమాంతరంగా ఉంచి మలుపులు తీసుకుంటూ దిగగలిగినవాళ్లు కొన్నాళ్లు మంచి కోచ్ దగ్గర సాధన చేస్తే చాలు, దాదాపు వారం రోజుల కోర్సుతో అది చేతికొస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. బ్యాడ్జి ఉంటుంది, పాఠాలు చెప్పిన గంటలుండవు. గంటలు లేకపోతే రెండో స్థాయికి వెళ్లడం కష్టం, రెండో స్థాయి లేకపోతే చాలా స్కీ స్కూళ్లు పిలవవు. కాబట్టి దారులను పోల్చేటప్పుడు ఏది త్వరగా సర్టిఫికెట్ ఇస్తుందని చూడకండి, ఏది త్వరగా మీ ముందు విద్యార్థులను నిలబెడుతుందో చూడండి.

దారులు మూడు. సర్టిఫికెట్ లేకుండానే స్కీ స్కూల్లో చేరి, అక్కడిచ్చే శిక్షణతో మొదలుపెట్టడం ఒకటి. వసతి, లిఫ్ట్ పాస్, కోచింగ్, పరీక్ష అన్నీ కలిపి అమ్మే ప్యాకేజీ కోర్సు రెండోది. వీలున్నప్పుడల్లా ఒక్కో కోర్సు, ఒక్కో పరీక్ష విడిగా కట్టుకుంటూ పోవడం మూడోది.

ముందు ఉద్యోగం, తర్వాత బ్యాడ్జి

అమెరికాలో ఇది మామూలు పద్ధతి. ఇన్‌స్ట్రక్టర్‌కు ఫలానా సర్టిఫికెట్ ఉండి తీరాలన్న జాతీయ చట్టం అక్కడ లేదు. రిసార్టే తన స్కీ స్కూలుకు మనుషులను ఎంచుకుని, సీజన్ మొదట్లో కొన్ని రోజుల క్లినిక్, అంటే సిబ్బందికి శిక్షణ, పెట్టి, క్రిస్మస్ రద్దీకి పిల్లల గుంపు అప్పగిస్తుంది. స్కూల్లో పనిచేస్తూనే అక్కడి స్కీ ఇన్‌స్ట్రక్టర్ల సంఘం పీఎస్‌ఐఏ ఇచ్చే మొదటి స్థాయి పూర్తి చేసుకోవచ్చు. గంటలు, జీతం, శిక్షణ ఒకే చోట దొరుకుతాయి కాబట్టి ఖర్చు పరంగా దీన్ని మించిన దారి లేదు.

లోటు ఎక్కడంటే, కొత్తవాళ్లకు దక్కేది ఎప్పుడూ మొదటిరోజు విద్యార్థులే. రోజంతా చిన్న వాలు మీద వెనక్కి నడుస్తూ పిల్లలను ఆపడం, పడితే లేపడం, ఊడిన స్కీ తొడగడం. వారాల తరబడి ఇదే చేస్తే మీ స్కీయింగ్ మెరుగుపడకపోగా దెబ్బతింటుంది, శరీర బరువు మడమల మీదికి జారే అలవాటు పడుతుంది. ఉదయం పాఠాలకు ముందు జరిగే సిబ్బంది క్లినిక్‌లు దీనికి విరుగుడు. చాలా చోట్ల వాటికి జీతం ఉండదు, అయినా మానకూడదు. ఇంకో సంగతి, పాఠం దొరికిన గంటలకే డబ్బిచ్చే స్కూళ్లు ఎక్కువ. పొద్దున్నే యూనిఫాం వేసుకుని వరుసలో నిలబడి, విద్యార్థులు చాలక వెనక్కి వచ్చే రోజులు జనవరిలో మామూలే. ఒప్పందంలో వారానికి కనీసం ఇన్ని గంటలు అన్న హామీ ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. విదేశీయులైతే వీసాకు ఆ స్కూలే పూనుకోవాలి, సర్టిఫికెట్ లేని కొత్తవారికోసం అంత శ్రమ తీసుకునేవి తక్కువ. సొంతంగా విద్యార్థులను వెతుక్కుని రిసార్టులో పాఠాలు చెబుదామంటే కుదరదు, అనుమతి ఉన్న స్కూలుకే ఆ హక్కు.

ప్యాకేజీ కోర్సు

సాధారణంగా 8 నుంచి 12 వారాలు, వారానికి నాలుగైదు రోజులు కోచ్‌తో మంచు మీద. స్కీయింగ్ వేగంగా మెరుగుపడాలంటే దీనికి సాటి లేదు. వీడియో తీసి చూపిస్తారు, తప్పు అదే రోజు దిద్దుతారు. మధ్యస్థాయి స్కీయర్ ఒకే సీజన్లో రెండో స్థాయి పరీక్షకు కూర్చోగలిగే దారి ఇదొక్కటే అనవచ్చు.

అయితే అమ్మకపు మాటల్లో రెండింటిని జాగ్రత్తగా చదవాలి. 'ఉద్యోగ ఇంటర్వ్యూ గ్యారంటీ' అంటే ఉద్యోగం గ్యారంటీ కాదు. 'రెండో స్థాయి కోర్సు కలిపి' అంటే పరీక్ష ఫీజు ఒక్కసారికే, తప్పితే మళ్లీ మీ జేబే. పరీక్ష తేదీలు కోర్సు చివరి వారాల్లో పెడతారు కాబట్టి ఏడో వారంలో మోకాలు బెణికితే పెట్టిన డబ్బంతా ఇరుక్కుంటుంది. గాయంతో కోర్సు ఆగితే సొమ్ము తిరిగిచ్చే బీమా, మంచు కొండ మీద నుంచి రక్షణ బృందం దించే ఖర్చు భరించే బీమా, రెండూ వేరువేరు. రెండూ ఉన్నాయని పాలసీ కాగితంలో చూసుకున్నాకే కట్టాలి.

అసలు లోపం వేరే ఉంది. పన్నెండు వారాల్లో మీరు విద్యార్థిగా గడిపే రోజులు యాభైకి పైగా, నిజమైన విద్యార్థులకు చెప్పేది ఏ కొద్ది గంటలో. స్కీ స్కూల్లో అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్ వెంట నీడలా తిరుగుతూ నేర్చుకునే గంటలు ప్యాకేజీలో ఎన్ని ఉన్నాయో అడగండి. జవాబు తిన్నగా రాకపోతే ఆ కోర్సు మీ పనికి రాదు.

విడివిడిగా

ఉద్యోగం, కుటుంబం ఉన్నవాళ్లకు మిగిలేది ఇదే. ఐదు రోజుల కోర్సుకు సెలవు పెట్టి వెళ్లి, మిగతా సాధన కప్పు కింద కృత్రిమ మంచు ఉన్న హాళ్లలోనో, వారాంతాల్లోనో చేస్తారు. గాయమైనా, పరీక్ష తప్పినా నష్టం ఆ ఒక్క వారానిదే. కానీ కోర్సుకూ కోర్సుకూ మధ్య సీజన్ గడిచిపోతే పాత అలవాట్లు తిరిగొస్తాయి, కోచ్ మారిన ప్రతిసారీ మొదటి రోజంతా పాత పాఠానికే సరిపోతుంది. ఒకే కోచ్‌ను పట్టుకుని, పరీక్షకు ముందు వారం అతని దగ్గరే ఉండేలా చూసుకుంటే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది.

ఏ సంస్థ బ్యాడ్జి?

అంతర్జాతీయ సంఘం ఐసియా ఒక ఉమ్మడి కొలత పెట్టింది. మధ్య మెట్టులో ఐసియా స్టాంప్, పై మెట్టులో ఐసియా కార్డు. ఆ మెట్లకు చేరేలోపు మాత్రం ఎవరి స్థాయిలు వాళ్లవే, పేరు ఒకటైనా బరువు ఒకటి కాదు.

కెనడా సంఘం సీఎస్‌ఐఏ 1938 నాటిది. మొదటి స్థాయి మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది, అంచనా కోర్సులోనే జరిగిపోతుంది. కొత్తవాళ్లకు పాఠం చెప్పే పద్ధతి మీద ఊనిక ఎక్కువ. దానితోనే కెనడా స్కూళ్లు పనిలోకి తీసుకుంటాయి. స్కీయింగ్ కొంచెం వెనకబడినా మాట తీరు బాగున్నవాళ్లకు సరిపోయే వ్యవస్థ.

బ్రిటన్ సంఘం బాసీలో నాలుగు స్థాయిలు. మొదటిది ఐదు రోజులు, దాంతోపాటు స్కీ స్కూల్లో 35 గంటల అనుభవం, ప్రథమ చికిత్స సర్టిఫికెట్, పిల్లల భద్రతా పాఠం. ఆ స్థాయితో హాళ్లలోనూ కృత్రిమ వాలుల మీదా చెప్పుకోవచ్చు, కొండ మీద చెప్పాలంటే రెండో స్థాయి కావాలి. రెండోది పది రోజుల కోర్సు. మూడో స్థాయికి మరో భాష, కొండ భద్రతా శిక్షణ కూడా చేరతాయి. భాష సంగతి చాలామంది చివరిదాకా వాయిదా వేసి అక్కడే ఆగిపోతారు.

న్యూజిలాండ్‌కు ఉన్న గొప్ప సౌకర్యం క్యాలెండర్. అక్కడి సీజన్ జూన్ నుంచి అక్టోబర్ దాకా నడుస్తుంది కాబట్టి ఆగస్టులో మొదటి స్థాయి చేసి, డిసెంబర్‌లో ఉత్తరార్ధగోళంలో పనిలో చేరవచ్చు. ఒకే ఏడాదిలో రెండు శీతాకాలాల గంటలు జమవుతాయి.

ఆస్ట్రియాలో తొలి మెట్టును అన్‌వెర్టర్ అంటారు, సుమారు పది రోజుల కోర్సు. స్కీ చట్టాలు అక్కడ రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. అన్‌వెర్టర్ పూర్తి చేసినవాళ్లను స్కీ స్కూళ్లు సెలవుల రద్దీకి పెద్ద సంఖ్యలో తీసుకుంటాయి. యూరప్‌లో త్వరగా పని మొదలవ్వాలంటే ఇదే దగ్గరి దారి. జర్మన్ రాకపోతే పిల్లల గుంపులు దక్కడం కష్టం, పైమెట్టు పరీక్షల్లో అయితే భాష లేనిదే గడవదు.

ఫ్రాన్స్ దారి వేరు. డబ్బు తీసుకుని స్కీయింగ్ నేర్పాలంటే ప్రభుత్వ డిప్లొమా గానీ, దానికి సమానమని గుర్తింపు పొందినది గానీ, ఆ చదువులో ఉన్న ట్రైనీ హోదా గానీ ఉండాలి. లేకుండా చెబితే ఏడాది జైలు, 15,000 యూరోల జరిమానా దాకా పడవచ్చు. షామొనీలోని జాతీయ విద్యాలయం ఈ చదువుకు కేంద్రం. చేరేముందే గడియారం పెట్టిన స్లాలమ్ పరీక్ష, అంటే గేట్లుగా పాతిన కర్రల మధ్య మలుపులు తిరుగుతూ దిగే రేసు, ఎదురవుతుంది. ఆ పైన యూరోటెస్ట్ అనే జెయింట్ స్లాలమ్, అంటే గేట్లు ఇంకా దూరంగా ఉండే వేగమైన రేసు, ఉంది. అభ్యర్థులకన్నా ముందు దిగి దారి తెరిచే రేసర్ల వేగం నుంచి లెక్కగట్టిన సమయం కన్నా మగవాళ్లు 18 శాతం, ఆడవాళ్లు 24 శాతానికి మించి ఎక్కువ తీసుకోకూడదు. చిన్నప్పటి నుంచి గేట్ల మధ్య రేసులు ఆడినవాళ్లకు ఇది అందుతుంది. ముప్పై ఏళ్లకు స్కీ తొడిగినవాళ్లు దీన్ని లక్ష్యంగా పెట్టుకోవడం, మొహమాటం లేకుండా చెప్పాలంటే, నేల విడిచి సాము. ఇటలీలోనూ ముందు రేసు వడపోత, తర్వాత కనీసం 90 రోజుల శిక్షణ.

పరీక్షలో తప్పేది ఎక్కడ

ఏ సంస్థ అయినా జనం తప్పేది నల్ల పిస్ట్ మీద, అంటే అన్నిటికన్నా కష్టమైన వాలు మీద, అనుకుంటారు. తొలి స్థాయిల్లో ఎక్కువమంది దొరికిపోయేది స్నోప్లౌ దగ్గర, అంటే ముందు కొనలు దగ్గర చేసి, వెనక కొనలు విప్పి నెమ్మదిగా దిగే, పిల్లలకు 'పిజ్జా ముక్క' అని చెప్పే ఆ ఆకారం దగ్గర. ముందు కొనల మధ్య జానెడు లోపే దూరం, వెనక కొనలు రెండూ సమానంగా విచ్చుకుని ఉండాలి. మలుపు మొదట్లో ఎంత వేగమో చివర్లోనూ అంతే. తిరగాల్సింది కాళ్లు, ఛాతీ వాలు వైపే చూస్తూ ఉండాలి. వేగానికి అలవాటు పడినవాళ్లు ఇంత నెమ్మదిలో ఓపిక పట్టలేక భుజం విసిరి మలుపు తెచ్చుకుంటారు. అప్పుడు వెనక కొనలు జారి, గుండ్రంగా పడాల్సిన జాడ కోణాలు తేలుతుంది. పరీక్షకుడు మీకన్నా ముందు ఆ జాడను చూస్తాడు.

దీనికి సాధన రెండు రకాలు. పోల్స్, అంటే చేతి కర్రలు, రెండూ అడ్డంగా, పళ్లెం పట్టుకున్నట్టు ముందుకు పట్టుకుని, అవి ఎప్పుడూ లోయ వైపే చూసేలా మలుపులు తిరగాలి. భుజం తిరిగిందంటే పళ్లెం తిరిగినట్టే. రెండోది, చదునైన వాలు మీద బూటు పై బకిల్స్ వదులు చేసి నెమ్మదిగా దిగడం. బూటు పట్టు లేనప్పుడు బరువు వెనక్కి పోతే నిలబడలేరు, శరీరం తానే మధ్యకు వస్తుంది. ఆ తర్వాత మంచు చదును చేసే యంత్రం వదిలిన ఒక చాలు వెడల్పులోనే చిన్న మలుపులు తీసుకుంటూ వంద మీటర్లు దిగండి. చాలు దాటిన ప్రతిసారీ అంతకుముందు మలుపులో తొందరపడ్డట్టు లెక్క.

బోధన పరీక్షలో తప్పే తీరు ఇంకోటి. విద్యార్థిలో మూడు లోపాలు కనిపిస్తే మూడూ ఒకేసారి చెప్పేస్తారు. 'మోకాళ్లు వంచు' అంటారు, మోకాళ్లు ఎందుకు వంగడం లేదో చూడరు. ఉదాహరణకు బయటి స్కీ జారిపోతోంది అనుకుందాం. భయంతో ఆ మనిషి కొండ వైపు ఒరిగి బరువంతా లోపలి స్కీ మీద పెట్టడమే తరచుగా కారణం. వాలు తగ్గించి, మలుపులో లోపలి స్కీ వెనక భాగాన్ని కాస్త ఎత్తమంటే బరువు తానే బయటికి వెళుతుంది. మాట తక్కువ, వాలు ఎంపిక ఎక్కువ. గుంపును ఆపినప్పుడు ఎండ మీ ముఖం మీద, విద్యార్థుల వీపు మీద పడాలి. పిస్ట్ అంచున, పైనుంచి దిగేవాళ్లకు కనిపించే చోట ఆపాలి. గుట్ట దిగువన ఆపితే ఆ ఒక్క తప్పుకే మార్కులు పోతాయి.

సామాను గురించి కొంచెం

నడుము, అంటే స్కీ మధ్యలో వెడల్పు, 70 నుంచి 78 మిల్లీమీటర్లు, మలుపు వ్యాసార్థం 14 నుంచి 17 మీటర్లు ఉన్న పిస్ట్ స్కీ ఒక జత చాలు. పొడి మంచు కోసం చేసిన వెడల్పు స్కీ ఒక ఎడ్జ్ (పక్క అంచు) నుంచి మరో ఎడ్జ్‌కు నిదానంగా మారుతుంది. పొడవాటి రేసు స్కీ నెమ్మదిగా వెళ్లేటప్పుడు మలుపే తిరగనంటుంది. డబ్బు ముందు బూట్ల మీద పెట్టండి. లోపలి లైనర్ తీసి, వేళ్లు ముందు తాకేలా పాదం పెడితే మడమ వెనక సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర ఖాళీ ఉండాలి. గర్వానికి పోయి మరీ గట్టి బూటు కొంటే స్నోప్లౌ వేగంలో చీలమండ వంగదు, బరువు వెనక్కి పోతుంది, పరీక్షకుడు మీ స్కీయింగ్‌నే తప్పుపడతాడు.

ఎవరికి ఏది

ఇరవై ఏళ్ల లోపు, స్కీయింగ్ బాగా వచ్చి, చేతిలో డబ్బు తక్కువ, పని వీసాకు అడ్డు లేనివాళ్లు నేరుగా స్కూల్లో చేరాలి. స్కీయింగ్ మధ్యస్థంగా ఉండి, ఒక సీజన్ ఖాళీగా ఉన్నవాళ్లకు ప్యాకేజీ మేలు, అదీ బోధన గంటలు చూపించేదైతేనే, కెనడా లేదా న్యూజిలాండ్ పద్ధతిలో. ఉద్యోగం వదలలేనివాళ్లు విడి పరీక్షలతో బాసీ మొదటి స్థాయి చేసి, దగ్గరి హాల్లో వారాంతపు పాఠాలు చెప్పుకుంటూ గంటలు కూడబెట్టుకోవచ్చు. యూరప్ కొండల్లోనే స్థిరపడాలన్నవాళ్లు స్కీ కన్నా ముందు జర్మన్ పుస్తకం తెరవాలి. మూడింటిలో ఒకటే చెప్పమంటే మా ఓటు మొదటి దారికే. పాఠం చెప్పడం పాఠం చెబితేనే వస్తుంది, స్కీయింగ్ లోటును ఉదయపు క్లినిక్‌లు కొంత పూడుస్తాయి.

ఏ దారిలో వెళ్లినా లాగ్‌బుక్‌లో ఆ రోజు గంటలు, గుంపు స్థాయి, వాడిన వాలు, నేర్పిన అంశం అదే సాయంత్రం రాసి, సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించుకోవాలి. ఏప్రిల్‌లో లిఫ్టులు ఆగిన మర్నాడే ఆ సూపర్‌వైజర్ మరో ఖండానికి విమానం ఎక్కేసి ఉంటాడు.