పేరు తెలియని మా అంజూర చెట్టు: ఏళ్ల తరబడి పెంచాక నా అభిప్రాయం

నర్సరీలో వట్టి ‘అంజూర’ అని ఇచ్చారు. ఏ రకమని అడిగితే అన్నీ ఒకటే అన్నారు. అన్నీ ఒకటి కావు. కావలిలో మా పెరట్లో ఆ మొక్క చెట్టయి ఏటా కాస్తోంది కాబట్టి ఇప్పుడు చెప్పగలను: ఇది పూనా రకం, లేదా దానికి బాగా దగ్గరిది.

ఆకును బట్టి రకం చెప్పేవాళ్లను నమ్మకండి. మా చెట్టుకే ఐదు చీలికల ఆకులున్నాయి, పక్క కొమ్మకు మూడు చీలికలవీ ఉన్నాయి. గరుకు ఆకు, తుంచితే పాలు అనేవి అంజూర అని చెబుతాయి, అంతవరకే. మేడితో పొరబడే భయం కూడా లేదు. మేడికాయలు మొద్దుకే గుత్తులుగా కాస్తాయి, అంజూర కాయలు కొమ్మల మీద ఆకు మొదట్లో వస్తాయి.

అసలు సంగతి పండులో తెలుస్తుంది, అదీ చెట్టు మీదే మాగాలి. పచ్చిగా కోసి బియ్యంలో పెట్టినా అంజూర తియ్యబడదు. మెడ వాలి, పట్టుకుంటే మెత్తగా తగిలినప్పుడు కోసి, రెండుగా చీల్చి చూడండి. మాది గంట ఆకారం, పల్చటి తొక్క, లేత ఊదా రంగు, లోపల గులాబీ గుజ్జు. కొనాడ్రియా అనే రకం అయితే మాగినా తొక్క ఆకుపచ్చ ఛాయలోనే ఉంటుంది. స్మిర్నా రకాలకు ఒక చిన్న కందిరీగ పుప్పొడి మోసుకొస్తేనే కాయ నిలుస్తుంది, లేదంటే పిందెలే రాలిపోతాయి. మాకు ఏ సాయమూ లేకుండానే నిలుస్తున్నాయి, కాబట్టి అదీ కాదు.

రుచికి ఎండాకాలం పండే పండు. తేనెలా ఉంటుంది, మా ఇంట్లో ఎండు అంజూర కొనడమే మానేశాం. అక్టోబరు, నవంబరు వానల్లో మాత్రం పండు పగిలి పులుస్తుంది, ఆకుల అడుగున తుప్పు తెగులు పడుతుంది. రాలిన ఆకులు ఎప్పటికప్పుడు ఏరి తీసేస్తే మరుసటి ఏడు తెగులు తగ్గింది. ఉడతలకు, పిట్టలకు పండు దక్కకూడదనుకుంటే మాగేముందే గుడ్డ సంచి కట్టాలి. కొమ్మలు కత్తిరించేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, పాలు తగిలితే దురద మామూలుగా ఉండదు.

కొత్తగా నాటేవాళ్లు కవర్ మీద పేరు చూసి కొనొద్దు. తెలిసినవాళ్ల చెట్టు పండు తినండి, నచ్చితే ముదురు కొమ్మ ఒకటి అడిగి తెచ్చుకోండి. అంజూర కొమ్మ సులువుగా వేళ్లు పడుతుంది, అచ్చం ఆ తల్లి చెట్టు పండే కాస్తుంది.