తీరని మొక్కుతో కొండకు

నాన్నకు పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. కాలు కొంత నిలదొక్కుకుంది, మాట మాత్రం 'ఊ' దగ్గరే ఆగిపోయింది. మాట వస్తే అలిపిరి నుంచి నడిచి వస్తానని అమ్మ మొక్కుకుంది. రాలేదు. అయినా బయలుదేరదామంది. తీరని మొక్కు చెల్లించడమేమిటని నేను గట్టిగానే అడిగాను. "ఇచ్చేదీ ఇవ్వనిదీ ఆయన చిత్తం. వెళ్ళడం మన పని" అంది.

తిరుపతిలో మొదటి రాత్రి ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. లిఫ్టు పనిచేయలేదు. తమ్ముడూ నేనూ నాన్నను కుర్చీతో సహా మోశాం. చక్రాల కుర్చీతో వచ్చేవారు కింది అంతస్తులో గది ఉంటేనే డబ్బు కట్టండి.

తెల్లవారుజామున తమ్ముడు నాన్నను కారులో కొండకు తీసుకువెళ్ళాడు. అమ్మా నేనూ సంచులు అలిపిరిలో అప్పగించి మెట్లెక్కాం. వాటిని ఉచితంగా పైకి చేరుస్తారు, మాకు ఏ ఇబ్బందీ కలగలేదు. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దాకానే ఊపిరి ఆడదు, తరువాత చాలాదూరం చదునే. దారికి కప్పు ఉంది, తాగునీరు దొరుకుతుంది. 2023 ఆగస్టులో ఇదే దారిలో చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకుంది. పిల్లలున్నవారు పగటిపూట, గుంపుతోనే నడవాలి. మోకాళ్ళ పర్వతం దగ్గర అమ్మ కూర్చుండిపోయింది. పసివాడైన అన్నమయ్య ఆకలితో సొమ్మసిల్లితే అలమేలుమంగ వచ్చి అన్నం పెట్టిందని చెప్పుకునే చోటు అదే. పది నిమిషాలు కళ్ళు మూసుకుని, తనంతట తానే లేచింది. నా చెయ్యి అందుకోలేదు.

గది కోసం కేంద్రీయ విచారణ కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని మూడు గంటలు ఆగాం. ఫోనుకు సందేశం వచ్చాక దొరికిన గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, గడపకు మెట్టు లేదు. ఆ అద్దెకు అంతకన్నా ఏం కావాలి?

వృద్ధుల దర్శనం టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం ఈ యాత్రలో మేము చేసిన మంచి పని. నాన్నతో అమ్మను పంపారు. శ్రీవారి సేవకులు కుర్చీ నెట్టిన తీరు గురించి అమ్మ ఇప్పటికీ చెబుతుంది. తమ్ముడికీ నాకూ సర్వదర్శనం టోకెన్లు అందలేదు, పద్నాలుగు గంటలు కంపార్టుమెంట్లలో గడిచాయి. పాలు ఇచ్చారు, ఉప్మా పెట్టారు, మరుగుదొడ్లు భరించలేకపోయాను. ఆ గంటల్లోనే నా కోపం కరిగింది. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, కొడుకు చనిపోయిన ఏడాదే వచ్చానని మామూలుగా చెప్పి, నా చేతిలో రెండు పటికబెల్లం ముక్కలు పెట్టింది. నేను స్వామిని లెక్క అడగడానికి వచ్చాను. ఆవిడ చూడడానికి వచ్చింది.

వెంగమాంబ అన్నప్రసాద భవనంలో నలుగురం కలిసి తిన్నాం. చక్కెర పొంగలి, అన్నం, సాంబారు, మజ్జిగ, అన్నీ వేడిగా, అడిగినంత. తరిగొండ నుంచి వచ్చిన ఆ తల్లి బాల్యంలోనే భర్తను పోగొట్టుకుని, ఊరి మాటలు పడి, ఈ కొండ మీద పద్యాలు రాసుకుంటూ బతికింది. అక్కడ నాన్నకు నేను ముద్దలు కలిపి పెడుతుంటే వడ్డించేవారు తొందరపెట్టలేదు.

మరునాడు కాణిపాకం. తిరుపతి నుంచి సుమారు 70 కిలోమీటర్లు, చిత్తూరుకు దగ్గర. తిరుమల రద్దీ తరువాత ఇక్కడ ప్రాణం కుదుటపడింది. గుడ్డి, చెవిటి, మూగ అన్నదమ్ములు బావి తవ్వుతుంటే వినాయకుడు బయటపడ్డాడని, వారి అవిటితనం పోయిందని స్థలపురాణం. మూగవాడి సంగతి రాగానే నేను అమ్మ ముఖం చూశాను. ఆమె నాన్న భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఏం అడిగావని బయటికొచ్చాక అడిగాను.

"ఏమీ అడగలేదు. ఇద్దరం వచ్చామని చెప్పాను."

తిరుగు ప్రయాణంలో, వచ్చే ఏడాది శ్రీవారి మెట్టు వైపు నుంచి ఎక్కుతానంది, అక్కడ మెట్లు తక్కువని.

నాన్న 'ఊ' అన్నారు.