కాయల్లోంచి పుట్టే మనుషులు: 1956 సినిమానా, 1978దా?

జాక్ ఫిన్నీ 1955 నాటి నవల ఒకటే, ‘ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్’ పేరుతో సినిమాలు మాత్రం రెండు. అంతరిక్షం నుంచి వచ్చిన కాయల్లో మనుషుల నకళ్లు పెరిగి, నిద్రపోయినవాళ్ల స్థానంలోకి వచ్చేస్తాయి, అదీ కథ. ఒక్క రాత్రే ఖాళీ ఉంటే ఏది పెట్టుకోవాలి?

సమయం: డాన్ సీగెల్ తీసిన 1956 సినిమా 80 నిమిషాలు. ఫిలిప్ కాఫ్‌మన్ తీసిన 1978 సినిమా దాదాపు రెండు గంటలు.

ఊరు: మొదటిది చిన్న ఊళ్లో, నలుపు తెలుపులో. అందరూ తెలిసినవాళ్లే, అదే టెన్షన్. రెండోది శాన్‌ఫ్రాన్సిస్కోలో. అక్కడ పక్కింటాయన మారిపోయినా పట్టించుకునేదెవరు?

భయం: పాతదాంట్లో మొక్కలు పెంచే గాజు గదిలో కాయలు పగిలి, నురగలోంచి మనిషి ఆకారాలు బయటికొస్తాయి. ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కొత్తదాంట్లో అవే కాయలు జిగటగా, నరాలూ పీచులతో కనిపిస్తాయి. హీరో తన నకలు మొహాన్నే తోట పారతో పగలగొడతాడు. పైగా మనిషి మొహమున్న కుక్క! అన్నం తింటూ చూడకండి.

ముగింపు: నవలలో కాయలే ఓడి భూమిని వదిలిపోతాయి. సీగెల్ హీరోని రోడ్డుమీద అరుస్తూ వదిలేద్దామనుకుంటే, నిర్మాణ సంస్థ ముందూ వెనకా ఆసుపత్రి సీన్లు అతికించింది. నాకవి అతుకుల్లాగే అనిపిస్తాయి. 1978 ముగింపుకి అలాంటి మొహమాటం లేదు.

పెద్ద పిల్లలతో కలిసి చూస్తే పాతది. రాత్రి నిద్ర పట్టకపోయినా ఫర్వాలేదనుకుంటే 1978ది. రెండూ చూసే ఓపికుంటే పాతదే ముందు: అందులో రోడ్డుమీద అరిచిన కెవిన్ మెకార్తీయే, కొత్తదాంట్లో కాసేపు కార్ల మధ్య అరుస్తూ పరిగెత్తుకొస్తాడు.