కార్తీక సోమవారం, గ్వాంగ్జౌలో ఆగిపోయిన కార్డు

2025 నవంబర్ 3 సోమవారం రాత్రి చైనాలోని గ్వాంగ్జౌలో భోజనం చేసి డబ్బు కట్టబోతుంటే మా బ్యాంకు నా క్రెడిట్ కార్డును ఆపేసింది. "మీ భద్రత కోసం" అని మెసేజ్ పంపింది. బయల్దేరే ముందే యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేశాను. బ్రాంచికి వెళ్లి, ఫలానా తేదీల్లో చైనాలో ఉంటానని కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. అయినా ఆపేశారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

మాది విజయవాడ. బాబాయికి వన్‌టౌన్‌లో స్కూలు బ్యాగులు, స్టేషనరీ హోల్‌సేల్ షాపు ఉంది. గ్వాంగ్జౌలో జరిగే పెద్ద వ్యాపార ప్రదర్శన కాంటన్ ఫెయిర్ మూడో విడతలో, అంటే అక్టోబర్ 31 నుంచి నవంబర్ 4 వరకు, బొమ్మలు, స్టేషనరీ, బట్టల కంపెనీలు వస్తాయి. లెక్కలు, ఫోన్లు చూసుకోవడానికి నేను తోడు వెళ్లాను. 2020 నుంచి ఆగిపోయిన, చైనాకు నేరుగా వెళ్లే విమానాలు అక్టోబర్ 26న కోల్‌కతా నుంచి మళ్లీ మొదలవడం మాకు కలిసొచ్చింది. రాత్రి ఎక్కాం, తెల్లవారుజామున నాలుగు దాటాక దిగాం. ఫెయిర్ బాగా జరిగింది. షావొబే అనే పేటలో హోటల్ గదికి రాత్రికి 330 యువాన్లు, శుభ్రంగానే ఉంది. అప్పట్లో యువాన్ అంటే మన పన్నెండున్నర రూపాయలు అనుకోండి.

బాబాయి 2018లో వచ్చినప్పుడు అంతా నోట్లతోనే నడిపించారు. ఇప్పుడు నోటు తీస్తే ఎవరి దగ్గరా చిల్లర లేదు. తీసుకోనని అనకూడదని అక్కడ రూలు ఉంది, కానీ గల్లాపెట్టే లేని చోట రూలు ఏం చేస్తుంది? మన ఫోన్‌పే, గూగుల్ పే అక్కడ పనిచేయవు. విదేశీ వీసా, మాస్టర్ కార్డులను 2023 నుంచి అలీపే అనే చైనా చెల్లింపుల యాప్‌లో జోడించుకోవచ్చు. పాస్‌పోర్టు ఫొటో పెట్టడం, కార్డు చేర్చడం, ఓటీపీ కొట్టడం అన్నీ ఇంట్లో కూర్చునే పూర్తిచేయండి. అక్కడికి వెళ్లాక చూద్దాం అనుకోవద్దు. నేను నా కార్డు ఇంట్లోనే చేర్చాను. బాబాయి అలీపేలో మాత్రం ఖాతా తెరిచి, కార్డు తర్వాత పెడదామని వదిలేశాం. ఆ సోమవారం మా పీకల మీదికి తెచ్చింది అదే.

అలీపే పనిచేసినంతసేపూ హాయిగా ఉంటుంది. ట్యాక్సీ దాంట్లోనే పిలవచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి 118 యువాన్లు అయింది, డ్రైవర్‌తో ఒక్క మాట కూడా మాట్లాడాల్సిన పని పడలేదు. మెట్రోకీ దాంట్లోనే కోడ్ వస్తుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. విదేశీ కార్డుతో ఒకసారికి 200 యువాన్లు దాటితే అలీపే 3 శాతం ఫీజు తీసుకుంటుంది, దాటకపోతే ఏమీ లేదు. దీనిపైన మన బ్యాంకు వడ్డన వేరే. నా కార్డు మీద మూడున్నర శాతం, దానిమీద జీఎస్టీ. ఈ రెండూ కలిస్తే వెయ్యి యువాన్ల బిల్లు మీద దాదాపు తొమ్మిది వందల రూపాయలు పోతాయి. అందుకే 380 బిల్లు వస్తే 190 చొప్పున రెండుసార్లు కొట్టించుకోమని అడిగేదాన్ని. ఎవరూ కాదనలేదు. రోడ్డు పక్క చిలగడదుంపలు కాల్చి అమ్మే ఆయన దగ్గర మాత్రం 8 యువాన్లు మూడుసార్లు కొట్టినా పోలేదు. ఆయనది షాపు కోడ్ కాదు, సొంత ఖాతా కోడ్. విదేశీ కార్డుతో మనుషుల ఖాతాకు పంపడం కుదరదు.

ఫెయిర్‌లో ప్రతి స్టాల్ వాళ్లూ ముందు వీచాట్ అనే చైనా చాట్ యాప్ కోడ్ చూపిస్తారు. మన దగ్గర 2020 జూన్‌లో దాన్ని నిషేధించారు కదా, మా ఫోన్లలో లేదు. బాబాయి అచ్చు వేయించుకొచ్చిన 200 విజిటింగ్ కార్డులు, ఈమెయిల్ ఆదుకున్నాయి. వ్యాపారానికి వెళ్లేవాళ్లు కార్డులు దండిగా పట్టుకెళ్లండి.

ఇక డేటా సంగతి. నేను ఇక్కడే 1,350 రూపాయలకు 10 జీబీ ఈ-సిమ్ కొన్నాను. దాని డేటా హాంకాంగ్ మీదుగా వెళ్తుంది, అందుకే చైనాలో ఆపేసిన వాట్సాప్, గూగుల్ అన్నీ తెరుచుకున్నాయి. బాబాయి మాత్రం తన కంపెనీ రోమింగ్ ప్యాక్ 2,899 పెట్టి వేయించుకున్నారు. దిగాక సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నాయి, డేటా మాత్రం లేదు. కంపెనీ యాప్‌లో అడిగితే 24 గంటల్లో పరిష్కరిస్తామన్నారు. 24 గంటలు గడిచాక మళ్లీ అదే మాట. బాబాయికి ఒళ్లు మండి, వీధిలో కనిపించిన షాపులో లోకల్ సిమ్ తీసుకున్నారు. పాస్‌పోర్టు చూశారు, ముఖం ఫొటో తీశారు, 100 యువాన్లు తీసుకున్నారు, అరగంటలో నెట్ పరుగెత్తింది. ఫోన్‌లో రెండో స్లాట్‌లో షాపు సరుకు ఫొటోలున్న మెమరీ కార్డు ఉంది. అందుకని ఇండియా సిమ్‌ను తీసి పాస్‌పోర్టు పౌచ్‌లో దాచారు.

లోకల్ సిమ్ మీద వాట్సాప్ పనిచేయదు. గూగుల్ లేదు, యూట్యూబ్ లేదు, ప్లే స్టోర్ కూడా తెరుచుకోదు. ఈ సంగతి నేను చెప్పేలోపే ఆయన ఫెయిర్‌లో వేరే హాలుకు వెళ్లిపోయారు. విజయవాడలో పిన్నికి ఆరు గంటలపాటు ఒక్క మెసేజ్ లేదు. ఆవిడ టెన్షన్ పడి నాకు పదకొండు మిస్డ్ కాల్స్ ఇచ్చింది. సాయంత్రం నా హాట్‌స్పాట్ మీద బాబాయి వీడియో కాల్ చేస్తే, "బతికున్నానని ఒక్క ముక్క పెట్టలేరా!" అని ఏడ్చింది. బాబాయి ఆ రాత్రి సరిగా మాట్లాడలేదు.

సోమవారం ఆయన ఉపవాసం. పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా ఫెయిర్ అంతా నడిచారు. చీకటి పడ్డాక హోటల్ బాల్కనీలోంచి ఆకాశానికి దండం పెట్టుకున్నారు. ల్యూరోంగ్ గుడి దగ్గర బౌద్ధుల శాకాహార హోటల్ ఉంటే వెళ్లాం. బోర్డు మీద 'సు' అనే అక్షరం ఉంటే శాకాహారం అని నేర్చుకున్నాను. కోడిగుడ్డు, ఉల్లి, వెల్లుల్లి కూడా లేవని ఫోన్‌లో అనువాదం చేసి అడిగి మరీ కూర్చున్నాం. పుట్టగొడుగుల పులుసు, టోఫు కూర, అన్నం, ఇద్దరికీ 46 యువాన్లు. బాబాయి రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. వారం మొత్తంలో ఆయన కడుపునిండా తిన్న భోజనం అదొక్కటే.

అప్పుడు స్కాన్ చేస్తే పేమెంట్ పోలేదు. మళ్లీ చేస్తే బ్యాంకు మెసేజ్. కస్టమర్ కేర్‌కి రోమింగ్‌లో ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, లైన్‌లో ఉండండి. పద్దెనిమిది నిమిషాలు సంగీతం వినిపించి కట్ చేశారు. ఆ ఒక్క కాల్‌కే 1,860 రూపాయలు బిల్లు వచ్చింది. బాబాయి కార్డు ఆయన అలీపేలో చేరుద్దామంటే ఓటీపీ వచ్చే సిమ్ పాస్‌పోర్టు పౌచ్‌తో పాటు హోటల్ లాకర్‌లో ఉంది. ఆయన వంద నోటు తీసి ఇచ్చారు. కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ డ్రాయర్ లాగి చూపించింది, ఖాళీ. మిగతాది ఉంచుకోమని సైగ చేస్తే నోటు వెనక్కి తోసేసింది. నా ఫోన్ దగ్గరకు వంగి ఏదో చెప్పింది. తెరమీద ఇంగ్లీషులో వచ్చిన మాటలకు అర్థం ఇది: రేపు ఇవ్వండి, ఆకలితో వచ్చారు, తిన్నారు, అది చాలు.

బాబాయికి కళ్లు చెమర్చాయి. దారిపొడుగునా, "మన షాపులో విదేశీయుడు ఇలా నిలబడితే నేను ఏం చేసేవాణ్ణమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఆ రాత్రి మెమరీ కార్డు తీసి ఇండియా సిమ్ పెడితే, పది సెకన్లలో ఓటీపీ వచ్చింది. కార్డు చేరింది. మరునాడు ఫెయిర్ చివరి రోజు. మధ్యాహ్నమే బయటపడి మళ్లీ అక్కడికే వెళ్లాం. బాబాయి తన ఫోన్‌తో తానే స్కాన్ చేసి 46 కొట్టారు. కౌంటర్ మీది చిన్న పెట్టె చైనీస్‌లో ఏదో పలికింది. వన్‌టౌన్‌లో మా గల్లా పక్కన ఉన్నదాని లాంటిదే. ఆవిడ తలూపి, బాబాయి చేతిలో రెండు కమలాపండ్లు పెట్టింది.