రాజీనామానా, సెనేట్ విచారణా? నిక్సన్ ముందున్న రెండు దారులు
1974 ఆగస్టు 8 ఉదయం అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఉపాధ్యక్షుడు ఫోర్డ్‌ను ఓవల్ ఆఫీసుకు పిలిచి, తాను తప్పుకుంటున్నానని చెప్పారు. ప్రత్యర్థి పార్టీ కార్యాలయంలో చొరబాటు, దాన్ని కప్పిపుచ్చడం చుట్టూ నడిచిన వాటర్‌గేట్ వ్యవహారంలో అప్పటికి ఆయనకు మిగిలినవి రెండే దారులు.

అభిశంసనకు (దిగువ సభ మోపే అభియోగాలకు) సిద్ధపడి, ఎగువ సభ అయిన సెనేట్ విచారణను ఎదుర్కొంటే తన వాదన చెప్పుకోవచ్చు. నిజానిజాలు అందరి ముందూ తేలేవి. నా దృష్టిలో దేశానికి అదే మేలు. కానీ 100 మంది సెనేటర్లూ ఓటేస్తే తొలగించడానికి మూడింట రెండు వంతుల ఓట్లు చాలు; అంటే పదవి నిలబడటానికి ఆయనకు అనుకూలంగా కనీసం 34 ఓట్లు కావాలి. దర్యాప్తును అడ్డుకోవాలన్న నిక్సన్ మాటలు రికార్డయిన టేపు ఆగస్టు 5న బయటికి రావడంతో సొంత పార్టీవాళ్లే దూరమయ్యారు. ఓడితే మాజీ అధ్యక్షుడి పింఛను కూడా పోయేది. పైగా అన్నాళ్లూ దేశమంతా టెన్షన్.

రాజీనామాతో మర్నాడే అధికారం చేతులు మారింది, పింఛను దక్కింది. సెనేట్ తీర్పు మాత్రం రానేలేదు. సెప్టెంబర్ 8న ఫోర్డ్ క్షమాభిక్ష ఇవ్వడంతో కోర్టు విచారణకూ దారి మూసుకుపోయింది. నిక్సన్ సహాయకులు కొందరు మాత్రం జైలుకెళ్లారు.