షుగర్ ఉన్నవారి కిడ్నీకి ఏది మేలు: దంచిన వెల్లుల్లా, నూనె గుళికలా, మాగబెట్టిన సారమా?

వెల్లుల్లి రెబ్బ చెక్కుచెదరనంతసేపు అందులో అల్లిసిన్ అనే ఘాటు గంధక పదార్థం ఉండదు, దాని ముడిసరుకైన అల్లీన్ ఉంటుంది. దంచినా నమిలినా అల్లినేజ్ అనే ఎంజైము అల్లీన్‌తో కలిసి క్షణాల్లో అల్లిసిన్ తయారవుతుంది. ఆ ఘాటు దానిదే. రెబ్బను మాత్రలా గుటుక్కున మింగితే పెద్దగా లాభం లేదు, కడుపులోని ఆమ్లం ఎంజైమును పనిచేయనివ్వదు. కాగిన నూనెలో నేరుగా వేస్తే వేడి కూడా ఎంజైమును అలాగే పనిచేయనివ్వదు. దంచి 10 నిమిషాలు పక్కన పెట్టి, ఆ తర్వాత వండితే కొంతైనా దక్కుతుంది.

అల్లిసిన్‌కు నిలకడ లేదు. డైఅల్లైల్ డైసల్ఫైడ్‌, ట్రైసల్ఫైడ్‌ వంటి వేరే గంధక పదార్థాలుగా విడిపోతుంది. నూనె గుళికల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. ఏది ఎంతుందో కంపెనీని బట్టి మారిపోతుంది కాబట్టి మూడింటిలో వీటిది చివరి స్థానం.

మాగబెట్టిన సారం సంగతి వేరు. ముక్కలను నీళ్లు కలిపిన ఆల్కహాల్‌లో 20 నెలల దాకా నానబెడతారు. అల్లిసిన్ పోయి ఎస్-అల్లైల్ సిస్టీన్ అనే మరో గంధక పదార్థం పేరుకుంటుంది. ఇది నీళ్లలో కరుగుతుంది, పాడవదు, పేగుల నుంచి రక్తంలోకి బాగా చేరుతుంది. కొనేవారు చూడాల్సింది లేబుల్‌పై దీని మిల్లీగ్రాములు, ‘వెల్లుల్లి 1000’ అన్న పెద్దక్షరాలు కాదు.

రసాయనం వరకే చూస్తే సారానిదే పైచేయి. స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో షుగర్ తెప్పించిన ఎలుకల్లో ఎస్-అల్లైల్ సిస్టీన్ కిడ్నీ దెబ్బను తగ్గించింది. కానీ అది వారాల్లో తెప్పించిన జబ్బు, మనిషిలో ఏళ్ల తరబడి ముదిరేది. మనుషుల కిడ్నీని కాపాడుతుందనడానికి చాలినంత రుజువు లేదు. రుజువున్నవి ఏసీఈ ఇన్హిబిటర్లు లేదా ఏఆర్‌బీ రకం బీపీ మందులు, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు. వాటిని మానేసి గుళికలు పట్టుకోవడం కిడ్నీని చేజేతులా పాడుచేసుకోవడమే.

వంటలో రెండు రెబ్బలకు భయం లేదు. రెబ్బ 3-4 గ్రాములే, పొటాషియం 15 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. గార్లిక్ సాల్ట్ మాత్రం వద్దు, అందులో ఎక్కువ భాగం ఉప్పే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా గుళికలుగానీ సారంగానీ మొదలుపెట్టకూడదు, రక్తస్రావం పెరగొచ్చు. ఆపరేషన్‌కు కనీసం వారం ముందు ఆపేయాలి.

వెల్లుల్లి మాత్ర మొదలుపెట్టాక మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రోటీన్) తగ్గితే, అది మాత్ర గొప్పే అనుకోకండి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, గట్టి వ్యాయామం కూడా దాన్ని తాత్కాలికంగా పెంచుతాయి, తగ్గాక అదే దిగుతుంది. అందుకే 3-6 నెలల్లో మూడుసార్లు మూత్ర పరీక్ష చేయించి, రెండుసార్లైనా గ్రాము క్రియాటినిన్‌కు (మూత్రంలో పోయే ఒక వ్యర్థం) 30 మిల్లీగ్రాముల ఆల్బుమిన్, ఆపైన వస్తేనే కిడ్నీ దెబ్బగా లెక్కలోకి తీసుకుంటారు.