ఇంట్లో బీరు కాచే సామాను: బెంగళూరులో రెండేళ్ల వాడకం తర్వాత

పది లీటర్ల బ్యాచ్ కిట్, పాత సింగిల్ డోర్ ఫ్రిజ్, ఒక డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్. నెలకు ఒకటి రెండు బ్యాచ్‌ల చొప్పున రెండేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. తేల్చిన మాట ముందే చెప్పేస్తాను: చేతిలో ఉన్న డబ్బులో సగం ఫ్రిజ్‌కీ కంట్రోలర్‌కీ పక్కన పెట్టి, మిగతాదానితోనే కిట్ కొనండి. ఇంకో సంగతి, కర్ణాటక ఎక్సైజ్ చట్టం (1965) మద్యం తయారీకి లైసెన్సు ఉండాలంటుంది. అది తెలుసుకునే దిగండి, అమ్మకం జోలికి మాత్రం అసలు పోవద్దు.

ఫ్రిజ్ ఎందుకంటే, దోసె పిండి సంగతి అందరికీ తెలిసిందే. ఏప్రిల్‌లో గిన్నె దాటి పొంగుతుంది, డిసెంబరులో తెల్లారినా కదలదు. బీరు ఈస్ట్‌దీ అదే తీరు. యూఎస్-05 లాంటి ఏల్ (ఒక రకం బీరు) ఈస్ట్ 18-20 డిగ్రీల దగ్గర శుభ్రంగా పనిచేస్తుంది. ఎండాకాలంలో ఇక్కడ గదిలోనే 28 ఉంటుంది. పైగా పులిసేటప్పుడు ఈస్ట్ తన వేడి తనే పుట్టిస్తుంది కాబట్టి మొదటి రెండు మూడు రోజులు పులియబెట్టే బకెట్ లోపల గదికన్నా ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే. ఆ వేడిలో ఫ్యూసెల్ ఆల్కహాల్ (ఘాటైన ఆల్కహాల్ రకాలు) ఎక్కువగా పుడుతుంది. గొంతులో మంట, నెయిల్ పాలిష్ వాసన వస్తాయి. సీసాలో నెలలు దాచినా ఆ మంట పెద్దగా తగ్గదు.

కంట్రోలర్ ఎస్పీ రోడ్డులో (ఇక్కడి ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు) దొరికే ఎర్ర అంకెల రకం. సెట్టింగులు నాలుగే. ఎఫ్1 అంటే కావలసిన ఉష్ణోగ్రత, 19 పెట్టండి. ఎఫ్2 అంటే దానికన్నా ఎంత పెరిగితే ఫ్రిజ్ మొదలవ్వాలన్న తేడా, 0.5 చాలు. ఎఫ్3 కంప్రెసర్ మళ్లీ మొదలయ్యే ముందు ఆగే నిమిషాలు. ఇది 3 ఉంటే 8కి పెంచండి, కరెంటు పోయి వచ్చే ఇంట్లో కంప్రెసర్‌ను కాపాడేది ఇదే. ఎఫ్4 సెన్సర్ సవరణ. కరిగే మంచునీళ్లలో సెన్సర్ ముంచి సున్నా చూపేలా దిద్దుకోవాలి.

అసలు తేడా సెన్సర్ ఎక్కడ పెట్టామన్నదాంట్లో ఉంది. ఫ్రిజ్‌లో గాలికి వేలాడదీస్తే కంప్రెసర్ మాటిమాటికీ ఆగి మొదలవుతుంది, బకెట్‌లో ఉన్న బీరు మాత్రం వేడిగానే ఉంటుంది. సెన్సర్‌ను బకెట్ గోడకు, బీరు మట్టానికి సగం ఎత్తులో ఆనించి, మీద రెండు వేళ్ల మందం ఫోమ్ ముక్క పెట్టి గట్టిగా టేపు వేయాలి. అప్పుడది చుట్టూ ఉన్న గాలిని వదిలేసి బీరు వేడినే కొలుస్తుంది.

కంట్రోలర్‌తో వచ్చిన ఇబ్బంది ఒక్కటే, కానీ పెద్దది. ఏడాది దాటాక లోపలి రిలే (కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్) అతుక్కుపోయి, తెర మీద కూలింగ్ గుర్తు ఆరిపోయినా ఫ్రిజ్ నడుస్తూనే ఉంది. బీరు 5 డిగ్రీలకు దిగి ఈస్ట్ అడుగుకు చేరింది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు మామూలుకన్నా ఎన్నో రెట్లు, చిన్న రిలే దాన్ని ఏళ్ల తరబడి మోయలేదు. మధ్యలో 25 ఆంపియర్ల కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును మోసే పెద్ద రిలే) పెట్టించాక మళ్లీ రాలేదు. వైరింగ్ తెలియకపోతే ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

ఇక కిట్. బకెట్ బాగుంది, ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్. స్టీలు పీచు తగలనీయకూడదు, గీత పడిందంటే అక్కడ బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. కుళాయి మాత్రం ప్రతి బ్యాచ్‌కీ ఊడదీయాలి. పైకి కడిగినట్టే కనిపిస్తుంది, మర దగ్గర వేలు పెడితే జిగట తగులుతుంది. పుల్లగా మారే బ్యాచ్‌లలో ముందు అనుమానించాల్సింది ఆ మరనే. ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసును వదిలి బయటి గాలిని రానివ్వని చిన్న గొట్టం) రబ్బరు ఏడాదికే గట్టిపడింది, రెండు అదనంగా కొనిపెట్టుకోండి. ఎయిర్‌లాక్‌లో నీళ్లకు బదులు వోడ్కా పోస్తే, బీరు చల్లబడి లోపలికి పీల్చినా భయం లేదు.

హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ సాంద్రత చూపే గాజు గొట్టం, నీళ్లలో 1.000, చక్కెర పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది) సరిగ్గానే ఉంది, కాకపోతే 20 డిగ్రీల కొలతకు చేసింది. 30 డిగ్రీల ద్రవంలో 1.010 చూపితే నిజానికి అది 1.012 అన్నమాట. సీసాలకు మూతలు బిగించే రెక్కల క్యాపర్‌తో మాత్రం తృప్తి లేదు. మెడ దగ్గర కట్టు సన్నగా ఉన్న 650 మి.లీ. సీసాలను సరిగా పట్టదు, గట్టిగా నొక్కితే మెడ విరుగుతుంది. కొంచెం ఖర్చయినా నిలబెట్టే బెంచ్ క్యాపర్ కొనడం మేలు. సీసాలు గోధుమ రంగువే వాడండి. ఆకుపచ్చ సీసాలో ఎండ తగిలితే హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) చెడి దుర్గంధం వస్తుంది.

కిట్‌తో ఇచ్చిన కాగితంలో లేని కొలతలు ఇవి. పది లీటర్లకు రెండున్నర కిలోల పేల్ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), 15 లీటర్ల నీళ్లు, 20 గ్రాముల హాప్స్, ఈస్ట్ అర ప్యాకెట్. కిరాణా కొట్టు బార్లీ గింజలు పనికిరావు. వాటికి పొట్టు ఉండదు, మొలకెత్తించినవీ కావు కాబట్టి పిండిని చక్కెర చేసే ఎంజైమ్‌లు ఉండవు. మాల్ట్‌ను మిక్సీలో వేస్తే పిండైపోతుంది, సంచి మూసుకుపోతుంది. గింజ మూడు నాలుగు ముక్కలై, పొట్టు పొట్టుగానే మిగలాలి. నీళ్లు 70 డిగ్రీలకు కాచి, నైలాన్ సంచిలో మాల్ట్ దించితే 66 దగ్గర నిలబడుతుంది. గంటసేపు దుప్పటి చుట్టి ఉంచి, సంచి తీసి, గంట మరిగించాలి. ఇక్కడ ఎత్తు 900 మీటర్ల పైన కాబట్టి నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి, థర్మామీటర్ చెడిందనుకోకండి.

మరిగింది చల్లార్చడం ఎండాకాలంలో విసుగు పని. సింకులో ఐసు వేసి 30కి తెచ్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో 20కి దిగేదాకా ఆగి, అప్పుడే ఈస్ట్ వేయాలి. ఆ నాలుగైదు గంటలు ఓపిక పట్టండి.

నీళ్ల గురించి కిట్ అమ్మేవాళ్లెవరూ చెప్పరు. కావేరి నీళ్లు వచ్చే ఇల్లయితే క్లోరిన్ తీస్తే చాలు, పొటాషియం మెటాబైసల్ఫైట్ చిటికెడులో చిటికెడు సరిపోతుంది. బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, మాల్ట్ నానబెట్టినప్పుడు పీహెచ్ దిగక పొట్టులోని వగరు బీరులోకి దిగుతుంది, బాగా మరిగిన డికాషన్ తాగినట్టుంటుంది. ఆర్‌ఓ నీళ్లు తీసుకుని 15 లీటర్లకు 3 గ్రాముల జిప్సం కలపండి. సామాను శుద్ధికి వాడే యాసిడ్ రకం శానిటైజర్ కూడా ఆర్‌ఓ నీళ్లలోనే, లీటరుకు 1.5 మి.లీ. బోరు నీళ్లలో అది పాలలా మారి బలం తగ్గిపోతుంది.

సీసాలో పోయడానికి తొందరపడొద్దు. ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయని నమ్మకండి, మూత వదులైనా ఆగుతాయి. మూడు రోజుల తేడాతో రెండుసార్లు హైడ్రోమీటర్ ఒకే అంకె చూపాలి. 1.050 దగ్గర మొదలైంది 1.010 దగ్గర నిలిస్తే సుమారు 5.2 శాతం ఆల్కహాల్. పది లీటర్లకు 60 గ్రాముల పంచదార, కాసిన్ని నీళ్లలో మరిగించి చల్లార్చి మొత్తం బీరులో కలపాలి. సీసాకో చెంచా చొప్పున వేస్తే ఒకటి చప్పగా, ఒకటి నురగ కారంజిలా వస్తాయి. చక్కెర మిగిలి ఉండగానే బిగిస్తే సీసా పేలుతుంది, గాజు పెంకులు కంటికి తగలొచ్చు. మొదటి రెండు వారాలు మూత ఉన్న క్రేటులో, పిల్లలకు అందని చోట పెట్టండి. ప్రతి బ్యాచ్‌లో ఒకటి ప్లాస్టిక్ సోడా సీసాలో నింపుకుంటే నొక్కి చూసి గ్యాసు ఎంత పట్టిందో తెలుసుకోవచ్చు. అది రాయిలా బిగుసుకుంటే మిగతావన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి.

చెన్నైలో ఉండి, రెండో ఫ్రిజ్‌కు చోటు లేనివాళ్లు వాస్ క్వైక్ ఈస్ట్ వాడి చూడవచ్చు. నార్వే పల్లెల నుంచి వచ్చిన ఈ ఈస్ట్‌కు 35-40 డిగ్రీల వేడి అంటేనే ఇష్టం, మూడు నాలుగు రోజుల్లో పులియబెట్టేస్తుంది. కాకపోతే నారింజ తొక్క వాసన తప్పకుండా వస్తుంది. అది నచ్చనివాళ్లకు ఫ్రిజ్ తప్పదు.